మూత మూసినా నిద్రపోని ల్యాప్‌టాప్: బ్యాగులో ఎందుకు వేడెక్కుతుంది, రాత్రిపూట ఛార్జింగ్ ఎటు పోతుంది

మీరు చెప్పినదాని సారాంశం ఇదీ. సొంత ల్యాప్‌టాప్, విండోస్ 11, 16 జీబీ ర్యామ్, 50 వాట్-అవర్ బ్యాటరీ (అంటే 50 వాట్లు లాగే పరికరాన్ని గంటసేపు నడిపేంత). రాయదుర్గంలో కో-వర్కింగ్ ఆఫీసులో ఒకే టైప్-సీ కేబుల్‌తో డాక్‌కు (ఛార్జింగ్, మానిటర్ అన్నీ ఒకేచోట కలిపే పెట్టెకు) తగిలించి, మూత మూసేసి, పెద్ద మానిటర్ మీద పని చేసుకుంటారు. సాయంత్రం కేబుల్ పీకి బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ఎల్బీ నగర్‌లో దిగేసరికి, అంటే 50 నిమిషాలు అటూఇటూ, బ్యాగు వీపుకు చుర్రుమంటోంది. 80 శాతం ఉన్న ఛార్జింగ్ 55కు దిగుతోంది. ఇది కాక రాత్రి పదికి ఫుల్ ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసి, మూత మూసి పెడితే పొద్దున ఆరుకు 70 కనిపిస్తోంది. మధ్యలో ఫ్యాన్ తిరిగిన చప్పుడు కూడా విన్నారు. బ్యాటరీ మార్చమని ఒకరు, ఫార్మాట్ కొట్టమని ఇంకొకరు సలహా ఇచ్చారు.

ప్రస్తుతానికి రెండూ వద్దు. ముందు చిన్న లెక్క వేసుకోండి, సగం జవాబు అందులోనే ఉంది. మెట్రోలో పోయింది 25 శాతం. 50 వాట్-అవర్‌లో అది 12.5 వాట్-అవర్. 50 నిమిషాల్లో అంత పోయిందంటే సగటున 15 వాట్లు లాగింది. స్క్రీన్ ఆరిపోయి ఊరికే కూర్చున్న ల్యాప్‌టాప్ కూడా అంత తినదు. కాబట్టి అది అస్సలు నిద్రపోలేదు, పైగా లోపల ఏదో పని నడుస్తోంది. రాత్రి సంగతి వేరు. 30 శాతం అంటే 15 వాట్-అవర్, 8 గంటలకు పంచితే 2 వాట్లు కూడా లేదు. అంటే రాత్రి నిద్రపోయింది గానీ సరిగ్గా పోలేదు: మధ్యమధ్యలో లేచింది, లేదా పైపైన కునికింది. మీవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేయబోయి, తగ్గక, చివరికి ఫార్మాట్ దాకా వెళ్లేది ఇందుకే.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. బ్యాటరీ మీద రాసి ఉన్న వాట్-అవర్‌ను పోయిన శాతంతో గుణించి, వందతో భాగించి, గంటలతో భాగిస్తే సగటు వాట్లు వస్తాయి. అర వాటు అటూఇటూ ఉంటే నిద్ర బాగున్నట్టే. 50 వాట్-అవర్ బ్యాటరీలో అది గంటకు ఒక శాతం. ఒకటి రెండు వాట్లుంటే నిద్ర చెడుతోంది. నాలుగైదు దాటితే మెలకువగా ఉన్నట్టే. బ్యాటరీ పాతదైతే ఫుల్ ఛార్జ్‌లో పట్టేది తగ్గి ఉంటుంది కాబట్టి డబ్బా మీద అంకె కాకుండా ప్రస్తుతం పట్టే అంకెను తీసుకోవాలి. అది ఎక్కడ కనిపిస్తుందో కింద చెప్తాను.

ముందుగా మీ మెషీన్‌కు ఏ రకం నిద్ర ఉందో చూడండి. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ అడ్మిన్ తెరవండి. ఇక్కడ వాడేదంతా ఒకే కమాండ్: పవర్ అన్న మాటకు ఖాళీ లేకుండా సి, ఎఫ్, జి కలిపి కొట్టాలి, తర్వాత ఒక ఖాళీ, ఒక స్లాష్, ఆ స్లాష్‌కు ఆనుకుని నేను చెప్పే మాట. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. మొదటిది స్లాష్ తర్వాత ఒట్టి 'ఎ' అక్షరం. ఎంటర్ కొడితే ఈ మెషీన్‌లో ఏయే నిద్రలు ఉన్నాయో, ఏవి లేవో, ఎందుకు లేవో చెబుతుంది.

అక్కడ 'స్టాండ్‌బై ఎస్3' ఉన్నట్టు చూపిస్తే పాత పద్ధతి: ర్యామ్‌కు మాత్రం కరెంటు అంది, ప్రాసెసర్ సహా మిగతాదంతా ఆగిపోతుంది. 'స్టాండ్‌బై ఎస్0 లో పవర్ ఐడిల్' అని ఉంటే మోడ్రన్ స్టాండ్‌బై. విండోస్ 8 కాలంలో కనెక్టెడ్ స్టాండ్‌బైగా మొదలై, విండోస్ 10తో ఈ పేరు తెచ్చుకుంది. ఇందులో మెషీన్ సాంకేతికంగా ఆన్‌లోనే ఉంటుంది. స్క్రీన్ ఆర్పి, ఒక్కో భాగాన్ని తక్కువ కరెంటు స్థితికి దింపుతుంది, ఫోన్ మాదిరి. వైఫై సిగ్నల్ పట్టుకునే ఉండొచ్చు, మెయిల్ తెచ్చుకోవచ్చు. అన్ని భాగాలూ ఒప్పుకుంటే బాగానే ఉంటుంది. ఒక్క డ్రైవర్ (ఒక్కో భాగాన్ని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) మొండికేసినా మెషీన్ మొత్తం లోతు నిద్రకు దిగదు. ఈమధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఇదొక్కటే ఉంది. మీదీ అదే అయ్యుండే అవకాశం ఎక్కువ.

ఇక మెట్రో జబ్బు సంగతి. మీ వాడకంలోనే దానికి బలమైన ఆధారం ఉంది: మూత మూసే పని చేస్తున్నారు. అలా చేయాలంటే మూత మూసినప్పుడు 'ఏమీ చేయవద్దు' అని ఎప్పుడో పెట్టుకునే ఉంటారు. ఈ సెట్టింగ్‌కు బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకటి, ఛార్జర్‌లో ఉన్నప్పుడు ఒకటి అని రెండు గళ్లు ఉంటాయి. చాలామంది రెండింటినీ మార్చేస్తారు. అప్పుడు మూత మూయడమన్నది విండోస్‌కు లెక్కే కాదు. ఛార్జర్ గడి ఒక్కటే మార్చినా చిక్కే. మూత మూసింది పొద్దున, డాక్ ద్వారా కరెంటు అందుతున్నప్పుడు. సాయంత్రం కేబుల్ పీకేసరికి మూత అప్పటికే మూసి ఉంది, కొత్తగా మూయడం జరగలేదు. కాబట్టి బ్యాటరీ గడిలో 'స్లీప్' అని ఉన్నా చాలాసార్లు అది అమలు కాదు. ఇక ఐడిల్ టైమర్, అంటే ఇంతసేపు ముట్టుకోకపోతే పడుకోమనే గడువు, ఎప్పుడు తీరితే అప్పుడు నిద్ర. ఆ టైమర్ గంటకు పెట్టి ఉంటే ఎల్బీ నగర్ దాకా మెలకువే.

సరిచేయడం ఇలా. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిస్తే ఎడమవైపు 'మూత మూస్తే ఏం చేయాలో ఎంచుకోండి' అనే లింకు ఉంటుంది. కొత్త విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ కింద కూడా ఇదే దొరుకుతుంది. ఛార్జర్ గడిలో 'ఏమీ చేయవద్దు' ఉండనివ్వండి, మానిటర్ పని చెడదు. బ్యాటరీ గడిలో 'హైబర్నేట్' పెట్టండి. స్లీప్ కాదు, హైబర్నేట్. కారణం చివర్లో వస్తుంది. సాయంత్రం వరస కూడా మార్చాలి: ముందు కేబుల్ పీకండి, మూత తెరవండి, స్క్రీన్ వెలిగాక మళ్లీ మూయండి. ఆపైన పావు నిమిషం ఆగండి. ఫ్యాన్ ఆగి, పవర్ లైటు ఆరాకే బ్యాగులో పెట్టండి. ముందు స్లీప్ నొక్కి తర్వాత కేబుల్ పీకడం మంచిది కాదు. డాక్ ఊడదీయడమే కొన్ని మెషీన్లను లేపుతుంది, మూత మూసి ఉంటుంది కాబట్టి మీకు కనపడదు.

మామూలు రోజుల్లోనూ ఛార్జర్ ముందు తీసి, మూత తర్వాత మూయడం అలవాటు చేసుకోండి. కరెంటు అందుతున్నంతసేపూ మోడ్రన్ స్టాండ్‌బైలో విండోస్ కాస్త ధారాళంగా ఉంటుంది, అప్‌డేట్లు, మెయింటెనెన్స్ లాంటివి కానిస్తుంది. బ్యాటరీ మీదున్నానని తెలిశాక నిద్రలోకి వెళ్తే పిసినారిగా ఉంటుంది.

సెట్టింగ్ అంతా సరిగ్గా ఉండి కూడా మూత మూస్తే స్పందన లేకపోతే సెన్సర్ అనుమానించాలి. మూత అంచులో చిన్న అయస్కాంతం, కీబోర్డు పక్కన దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటాయి. హింజ్ (మూత మడత బందు) వదులై మూత పూర్తిగా ఆనకపోయినా, కిందపడి అయస్కాంతం ఊడినా మూసిన సంగతి తెలియదు. పరీక్ష తేలిక. గదిలో లైటు ఆర్పి, మూతను దాదాపు పూర్తిగా దించి సందులోంచి చూడండి. ఇంకో సెంటీమీటరు ఉందనగా స్క్రీన్ ఆరిపోవాలి. ఆరకపోతే మూత తెరిచే ఉంచి, చిన్న అయస్కాంతాన్ని కీబోర్డు పక్క అంచుల మీదుగా మెల్లగా జరపండి. ఎక్కడో ఒకచోట స్క్రీన్ ఆరితే సెన్సర్ బాగానే ఉంది, మూతలోని అయస్కాంతం లేదా హింజ్ చెడింది. ఎక్కడా ఆరకపోతే సెన్సర్ పోయింది. దీనికి తలకిందులు కేసు కూడా ఉంది: ల్యాప్‌టాప్ మీద ఇంకో ల్యాప్‌టాప్ పెట్టినా, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు పెట్టినా మూత తెరిచి ఉన్నా మూసినట్టు భ్రమపడుతుంది. బ్యాగులో రెండు మెషీన్లు మోసేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే విషయం ఒకటుంది. 'నా మెషీన్ నిద్రపోవట్లేదు' అనగానే అందరూ రిక్వెస్ట్స్ కమాండ్ (పైన చెప్పినదానికే స్లాష్, రిక్వెస్ట్స్) కొట్టమంటారు. మంచిదే, కానీ అది ఏం చెబుతుందో తెలియాలి. ఏ ప్రోగ్రామ్, ఏ డ్రైవర్ 'నన్ను పడుకోనివ్వకు' అని విండోస్‌ను అడుగుతోందో ఆ జాబితా అందులో వస్తుంది. ఆ అడగడం ఆపేది తనంతట తాను వచ్చే నిద్రను మాత్రమే, అంటే పదిహేను నిమిషాలు ముట్టుకోకపోతే పడుకునేదాన్ని. మీరు మూత మూసినా, బటన్ నొక్కినా ఆ విన్నపాలు చెల్లవు. కాబట్టి మీ మెట్రో సమస్యకు ఇది మొదటి అనుమానితుడు కాదు. టేబుల్ మీద వదిలేసి వెళ్తే స్క్రీన్ ఆరిపోయి మెషీన్ మాత్రం వెచ్చగానే ఉంటోంది అనేవాళ్లకు ఇదే మొదటి కమాండ్.

వాళ్లకోసం: ఫలితంలో డిస్‌ప్లే, సిస్టమ్, అవేమోడ్, ఎగ్జిక్యూషన్ వంటి శీర్షికలు వస్తాయి. అన్నింటి కిందా 'నన్' అని ఉంటే ఆ క్షణాన అడ్డం ఎవరూ లేరు. సిస్టమ్ కింద ఆడియో డ్రైవర్ పేరు, 'ఆడియో స్ట్రీమ్ వాడుకలో ఉంది' అన్న వాక్యం కనిపిస్తే తప్పు సౌండ్ కార్డుది కాదు. ఏదో బ్రౌజర్ ట్యాబ్ గానీ, వదిలేసిన మీటింగ్ యాప్ గానీ సౌండ్‌ను పట్టుకుని ఉంది. ఆ ప్రోగ్రామ్‌లను ఒక్కొక్కటీ మూస్తూ కమాండ్ మళ్లీ కొడుతూ పోతే ఎవరో తేలిపోతుంది. 'ఎస్ఆర్‌వీనెట్' కనిపిస్తే మీ మెషీన్‌లో షేర్ చేసిన ఫోల్డర్‌ను ఇంట్లో ఇంకో కంప్యూటరో టీవీయో తెరిచి ఉంచింది. డౌన్‌లోడ్ మేనేజర్లు, వీడియో ప్లేయర్లు తమ పేరుతోనే దొరుకుతాయి.

ఒక ప్రోగ్రామ్ ఎంతకీ మాట వినకపోతే రిక్వెస్ట్స్‌ఓవర్‌రైడ్ అనే మాటతో దాని విన్నపాన్ని పట్టించుకోవద్దని చెప్పొచ్చు. ఆ మాట తర్వాత ప్రాసెస్, ఆ ప్రోగ్రామ్ ఫైలు పేరు, సిస్టమ్ అని వరసగా ఇవ్వాలి. రద్దు చేయాలంటే చివరి సిస్టమ్ అన్న మాట వదిలేసి అదే మళ్లీ కొట్టాలి. ఆడియో డ్రైవర్ మీద మాత్రం ఇది వాడకండి. సినిమా మధ్యలో మెషీన్ పడుకుంటుంది, అప్పుడు ఎందుకో ఎవరికీ గుర్తుండదు.

రాత్రి జబ్బుకు వద్దాం. ఇక్కడ తేల్చాల్సింది ఒకటే: లేచిందా, లేక లోతుగా పడుకోలేదా?

దీనికి అన్నిటికన్నా పనికొచ్చేది స్లీప్‌స్టడీ. అదే కమాండ్‌కు స్లాష్, స్లీప్‌స్టడీ అని కలిపి కొట్టండి, రెండు పదాల మధ్య ఖాళీ ఉండదు. గత మూడు రోజుల నిద్ర చరిత్ర బ్రౌజర్‌లో తెరుచుకునే ఫైలుగా తయారవుతుంది. ఫైలు ఎక్కడుందో కమాండే చెబుతుంది. అడ్మిన్ కిటికీ సిస్టమ్32 ఫోల్డర్‌లో తెరుచుకుంటే ఫైలు అందులోనే పడుతుంది. కనపడలేదని మళ్లీమళ్లీ కొట్టకుండా అక్కడ వెతకండి. ఇంకా వెనక్కి చూడాలంటే ఖాళీ, స్లాష్, డ్యూరేషన్, ఖాళీ అని చేర్చి రోజుల సంఖ్య ఇవ్వొచ్చు, 28 దాకా.

రిపోర్టులో ఒక్కో నిద్రకు ఒక్కో వరస. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు, ఎన్ని మిల్లీవాట్-అవర్లు పోయాయి, ఏ వేగంతో, మొత్తం సమయంలో ఎంత శాతం లోతు నిద్రలో ఉంది, ఇవన్నీ అందులోనే ఉంటాయి. వేగం మిల్లీవాట్లలో ఉంటుంది. 500 లోపు ఉంటే వదిలేయండి, 1000 దాటితే పట్టుకోండి. మీ రాత్రి రెండు మూడు వరసలుగా చీలి ఉంటే, వాటి మధ్య మెలకువ వరస ఉంటే, అది లేచింది. ఒకే పొడుగు వరసగా ఉండి లోతు నిద్ర శాతం 90కి బాగా కింద ఉంటే అది లేవలేదు, కునికిపాట్లు పడింది. ఆ వరస మీద క్లిక్ చేస్తే కింద దోషుల జాబితా వస్తుంది, ఒక్కొక్కరు ఎంత శాతం సమయం మెలకువగా ఉంచారో అంకెతో సహా. వైఫై, బ్లూటూత్, ఆడియో, యూఎస్‌బీ, గ్రాఫిక్స్, ఎస్ఎస్‌డీ కంట్రోలర్ తరచుగా వినే పేర్లు.

లేచిన కేసు అయితే లేపిందెవరో తేల్చే మాటలు మూడు. లాస్ట్‌వేక్ చివరిసారి ఎవరు లేపారో చెబుతుంది. మోడ్రన్ స్టాండ్‌బై మెషీన్లలో ఇది తరచు సున్నా చూపిస్తుంది, దాన్ని చూసి నిరాశపడకండి. వేక్‌టైమర్స్ రాబోయే అలారాలను చూపిస్తుంది. డివైస్‌క్వెరీ అని, ఖాళీ వదిలి, వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్డ్ అని కొడితే మెషీన్‌ను లేపే హక్కు ఏయే పరికరాలకు ఉందో వస్తుంది. లాస్ట్‌వేక్ పనికిరాకపోతే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్, సిస్టమ్‌లోకి వెళ్లి కెర్నల్-పవర్ అనే సోర్స్‌ను ఫిల్టర్ చేయండి. మోడ్రన్ స్టాండ్‌బైలోకి వెళ్లినప్పుడు 506, బయటికి వచ్చినప్పుడు 507 పడతాయి, పక్కన కారణం కూడా ఉంటుంది. పాత ఎస్3 మెషీన్లలో పడుకున్నప్పుడు 42 వస్తుంది. లేచినప్పుడు పవర్-ట్రబుల్‌షూటర్ అనే సోర్స్ నుంచి 1 పడుతుంది, లేపినవారి పేరు అందులో ఉంటుంది. టైమ్ చూసుకోండి. మీరు ఫ్యాన్ చప్పుడు విన్న వేళతో 507 కలిస్తే మీ దొంగ దొరికినట్టే.

లేపేవాళ్లలో మొదటివాడు వైర్‌లెస్ మౌస్. గోరంత రిసీవర్ ల్యాప్‌టాప్‌కే వదిలేస్తారు, మౌస్ బ్యాగు పక్క జేబులో ఉంటుంది, మెట్రో కుదుపుకు అది కదలగానే మెషీన్‌కు కబురు అందుతుంది. మౌస్ అడుగున స్విచ్ ఉంటుంది, ఆపేయండి. శాశ్వతంగా కావాలంటే డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో 'ఈ పరికరం కంప్యూటర్‌ను లేపవచ్చు' అన్న టిక్ తీసేయండి. కొన్ని మోడ్రన్ స్టాండ్‌బై మెషీన్లలో ఆ ట్యాబ్ ఉండదు. అలాంటప్పుడు రిసీవర్ పీకడమే దారి. నెట్‌వర్క్ కార్డుకు కూడా ఇదే ట్యాబ్. అక్కడ 'మ్యాజిక్ ప్యాకెట్‌కు (లేపడానికే పంపే ప్రత్యేక సందేశానికి) మాత్రమే లేవాలి' అని పెడితే రౌటర్ పంపే ప్రతి అడ్డమైన కబురుకూ లేవదు.

రెండోవాడు టైమర్. పవర్ ఆప్షన్స్‌లో ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, స్లీప్ కింద 'వేక్ టైమర్లు' చూడండి. బ్యాటరీకి డిసేబుల్ పెట్టండి. ఛార్జర్‌కు 'ముఖ్యమైనవి మాత్రమే' చాలు. టాస్క్ షెడ్యూలర్‌లో ఏదైనా పనికి కండిషన్స్ ట్యాబ్‌లో 'ఈ పని కోసం కంప్యూటర్‌ను లేపు' అని టిక్ ఉంటే, అది మీరు పెట్టిందో, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టిందో చూసుకుని తీసేయండి. విండోస్ సొంత అప్‌డేట్ టాస్కుల జోలికి పోయి చెరపకండి, అవి మళ్లీ పుడతాయి. యాక్టివ్ అవర్స్ (మీరు పని చేసుకునే వేళలు) సరిగ్గా పెట్టుకుంటే రీస్టార్టుల గొడవ తగ్గుతుంది.

లేవకుండా కునికిన కేసు అయితే మందు డ్రైవర్లలో ఉంది. ముందు చేయాల్సింది ఖర్చులేని పని: టైప్-సీ హబ్, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, రిసీవర్, అన్నీ పీకి ఒక రాత్రి చూడండి. ఎప్పుడో దూర్చి మరిచిపోయిన మెమరీ కార్డు ఒక్కటే మొత్తం మెషీన్‌ను కిందికి దిగకుండా ఆపిన కేసులు తక్కువేం కాదు. తేడా కనిపిస్తే ఒక్కో రాత్రి ఒక్కోటి తిరిగి పెట్టి చూడాలి. కనిపించకపోతే ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సపోర్టు పేజీలో మీ మోడల్ నంబరు కొట్టి, ఈ వరసలో వేయండి: బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే మూల సాఫ్ట్‌వేర్), చిప్‌సెట్, వైఫై-బ్లూటూత్, గ్రాఫిక్స్, ఆడియో. బయాస్ వేసేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ కూడా సగానికి పైన ఉండాలి. మొదటి వానకే కరెంటు పోయే బస్తీలో ఒట్టి ఛార్జర్‌ను నమ్ముకుని బయాస్ ఎక్కించకూడదు. 'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో' అనే సాఫ్ట్‌వేర్లు వద్దు. మీ మోడల్ కోసం కంపెనీ సవరించిన డ్రైవర్ పోయి సాధారణ డ్రైవర్ వచ్చి కూర్చుంటుంది, నిద్ర ఇంకా చెడుతుంది.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఒక విలువ సున్నా చేసి మోడ్రన్ స్టాండ్‌బైని తీసేసే చిట్కా వీడియోల్లో బాగా తిరుగుతోంది. మెషీన్ ఫర్మ్‌వేర్‌లో, అంటే బయాస్‌లో, ఎస్3 ఉంటేనే అది పని చేస్తుంది. లేకపోతే ఉన్న నిద్ర కూడా పోయి, స్టార్ట్ మెనూలోంచి స్లీప్ అన్న మాటే మాయమవుతుంది. ఎస్3కి, మోడ్రన్ స్టాండ్‌బైకి మధ్య ఎంచుకునే వీలు బయాస్‌లోనే ఇచ్చిన మోడళ్లు కొన్ని ఉన్నాయి. ఉంటే అక్కడ మార్చుకోవడం మేలు, అదీ ముఖ్యమైన ఫైళ్లు బ్యాకప్ చేసుకున్నాకే.

హైబర్నేట్ ఎందుకంటే, ఈ తలనొప్పులేవీ దానికి అంటవు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి మెషీన్ నిజంగా ఆఫ్ అవుతుంది. ఏ డ్రైవరూ పట్టుకోడు, బ్యాగు వేడెక్కదు, తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే తిరిగొస్తాయి. మెనూలో కనపడకపోతే స్లాష్, హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొట్టండి. ర్యామ్‌లో 40 శాతం మేర డిస్క్ జాగా పోతుంది, మీ 16 జీబీకి దాదాపు 6.4 జీబీ. లేవడానికి స్లీప్ కన్నా కొన్ని సెకన్లు ఎక్కువ. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది, లెక్క చూడండి: రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 5 జీబీ చొప్పున రాసినా ఏడాదికి 3.65 టీబీ. 300 టీబీ రాతకు హామీ ఉన్న డిస్క్‌కు అది లెక్కలోకి రాదు.

నా సలహా అయితే బ్యాటరీ మీద మూత మూస్తే హైబర్నేట్. ఇంట్లో మాటిమాటికీ మూసి తెరిచే అలవాటు ఉంటే మధ్యేమార్గం ఉంది: మూతకు స్లీప్ పెట్టి, బ్యాటరీ మీద 30 నిమిషాల తర్వాత హైబర్నేట్ కావాలని టైమర్ పెట్టండి. మెట్రో ప్రయాణానికి ఆ అరగంట కూడా ఎక్కువే కాబట్టి బయల్దేరే ముందు స్టార్ట్, పవర్, హైబర్నేట్ నొక్కడం మేలు.

బ్యాటరీ మార్చాలా అన్న ప్రశ్నకు. స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొడితే వచ్చే ఫైలులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. పైన వాట్ల లెక్కకు వాడాల్సింది రెండోదే. మొదటిది 50000 మిల్లీవాట్-అవర్ ఉండి రెండోది 40000 పైన ఉంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీ దాకా వెళ్లి డబ్బు పోయనక్కర్లేదు. కొత్త బ్యాటరీ వేసినా అదే 15 వాట్లు దాన్నీ తాగేస్తాయి. బ్యాటరీ ఉబ్బితే మాత్రం వేరే మాట. ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద పెడితే ఊగుతోందా, టచ్‌ప్యాడ్ ఉబికిందా, క్లిక్ గట్టిపడిందా, మూత పూర్తిగా ఆనడం లేదా చూడండి. ఇందులో ఏది ఉన్నా ఛార్జింగ్ పెట్టడం ఆపి, వాడకుండా మార్పించాలి. అదిమి సరిచేయడం, గుచ్చడం ప్రాణాంతకం. నెలల తరబడి గాలాడని బ్యాగులో మెలకువగా ఉడికిన బ్యాటరీకి ఈ గతి పట్టడం వింతేం కాదు. మే నెలలో బయట 40 దాటే మన ఊళ్లో, స్కూటర్ ఫుట్‌బోర్డ్ మీద ఎండలో బ్యాగు పెట్టి, లోపల 15 వాట్ల కుంపటి రగిలిస్తే ఆ వేడి పోవడానికి దారే లేదు.

ఇది చదివే మ్యాక్ వాళ్లకు రెండు ముక్కలు: టెర్మినల్‌లో పీఎంసెట్, ఖాళీ, మైనస్ జీ, ఖాళీ, అసర్షన్స్ అని కొడితే పైన చెప్పిన రిక్వెస్ట్స్ లాంటి జాబితా వస్తుంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆప్షన్స్ కింద 'నెట్‌వర్క్ కోసం లేవడం' బ్యాటరీ మీద ఆపేయండి. లినక్స్‌లో అడ్డుపడుతున్నవాళ్లను సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్, ఖాళీ, రెండు మైనస్‌లు, వాటికి ఆనుకుని లిస్ట్ అని కొడితే చూపిస్తుంది. సిస్ ఫోల్డర్‌లో పవర్ కింద మెమ్ అండర్‌స్కోర్ స్లీప్ ఫైలు తెరిస్తే ఎస్2ఐడిల్, డీప్ అన్న రెండు మాటల్లో చదరపు బ్రాకెట్‌లో ఉన్నది ప్రస్తుతం వాడుతున్నది. డీప్ అన్న మాటే లేకపోతే మీ ఫర్మ్‌వేర్‌లో ఎస్3 లేదు.

ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఈ సెట్టింగులు సగం మసకబారి, 'మీ సంస్థ నిర్వహిస్తోంది' అని ఉంటాయి. రిజిస్ట్రీతో వాటిని తప్పించుకోవాలని చూడకండి, పాలసీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది, పైగా మీ పేరు మీద టికెట్ పడుతుంది. స్టేటస్ పచ్చగా ఉండాలని మౌస్ కదిపే ప్రోగ్రామో పరికరమో పెట్టుకుని ఉంటే ముందు అది తీసేయండి; పడుకోవద్దని మెషీన్‌కు మీరే చెబుతూ, పడుకోవట్లేదని హెల్ప్‌డెస్క్‌కు ఫిర్యాదు చేస్తే పరువు పోతుంది. ఆ తర్వాత ఐటీ వాళ్లకు రాసేటప్పుడు 'బ్యాగులో వేడెక్కుతోంది' అని ఒక్క ముక్క రాస్తే రీస్టార్ట్ చేయమని జవాబొస్తుంది. స్లీప్‌స్టడీ ఫైలు జతచేసి, ఏ తేదీ, ఏ వేళ నిద్రలో ఎన్ని మిల్లీవాట్లు పోయాయో, దోషుల జాబితాలో మొదట ఎవరున్నారో రాయండి. సెక్యూరిటీ ఏజెంటో వీపీఎన్నో పేరు అందులో ఉంటే ఆ టికెట్‌ను పక్కన పెట్టడం వాళ్లకు కష్టం. అడ్మిన్ హక్కులు లేక మీరు ఆ కమాండ్ కొట్టలేకపోతే, రిమోట్‌లో వాళ్లచేతే కొట్టించి ఫైలు మీకూ ఒకటి ఉంచుకోండి.